సాయం అందుకున్న దారిలో శ్రీహరికోట

1958 నాటికి ఢిల్లీ ఖజానాలో విదేశీ మారకం అడుగంటింది. రెండో పంచవర్ష ప్రణాళికలోని ఉక్కు కర్మాగారాలకు యంత్రాలు తెప్పించే హడావుడిలో, యుద్ధకాలంలో లండన్‌లో పోగుపడిన స్టెర్లింగ్ నిల్వలు కరిగిపోయాయి. ఇచ్చే దేశాలు అనేకం. ఒక్కొక్కరి గుమ్మం తొక్కి, ఒక్కొక్కరి షరతు వినాలి. ఆ ఆగస్టులో ప్రపంచ బ్యాంకు అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, జపాన్, కెనడాలను వాషింగ్టన్‌లో ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. ఎంత కావాలో, ఎవరెంత ఇస్తారో కలిసి తేల్చుకునే ఈ పద్ధతికే 'ఎయిడ్ ఇండియా కన్సార్టియం' అని పేరు వచ్చింది. తర్వాత పాకిస్తాన్‌కూ ఇలాంటి కూటమే ఏర్పడింది.

సోవియట్ యూనియన్ ఆ బల్ల దగ్గర లేదు, భిలాయ్ ఉక్కుకు విడిగా సాయం చేసింది. బల్ల దగ్గరున్నవాళ్లిచ్చిన దానిలో చాలా భాగం, వాళ్ల దేశంలోనే సరుకు కొనాలన్న ముడితో వచ్చింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించమన్న ఒత్తిడికి మనం తలొగ్గాం. అందుకు బదులుగా ఆశించిన సాయం మాత్రం పూర్తిగా చేతికి రాలేదు. ఇచ్చేవాళ్లంతా ఒక్క గొంతుతో మాట్లాడితే, పుచ్చుకునేవాడికి బేరమాడే చోటు తగ్గుతుందని ఆ ఏడాది మనకు నేర్పింది.

అదే దశాబ్దంలో కేరళ తీరాన తుంబలో సాయం మరో రూపంలో అందింది. 1963 నవంబర్ 21న అక్కడి నుంచి లేచిన తొలి రాకెట్ అమెరికాది, అందులోని సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్స్‌ది. కంప్యూటర్, హెలికాప్టర్ సోవియట్ యూనియన్ ఇచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధంలో ఎదురెదురుగా నిలిచినవాళ్లు ఐక్యరాజ్య సమితి గొడుగు కింద ఒకే చోట పనిచేశారు. ఎవరి దగ్గర ఏం తీసుకోవాలో మన అంతరిక్ష కార్యక్రమానికి సారథి విక్రమ్ సారాభాయ్ బృందమే నిర్ణయించింది. నా దృష్టిలో వాషింగ్టన్ సమావేశం కంటే ఇదే మేలైన సమన్వయం. ఏం కావాలన్న జాబితా, అవసరం ఉన్నవాడి చేతిలోనే ఉంది.

పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న సౌండింగ్ రాకెట్లకు తుంబ సరిపోయింది కానీ ఉపగ్రహ ప్రయోగానికి తూర్పు తీరం కావాలి. భూభ్రమణం ఇచ్చే ఊపు కలిసి రావాలి, రాలిపడే దశలు సముద్రంలో పడాలి. 1969లో పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోటను ఎంచుకున్నారు. దీవిలో తరతరాలుగా బతికిన యానాది కుటుంబాలు ఇల్లూ అడవీ వదిలి కదలాల్సి వచ్చింది. ఏ దాత జాబితాలోనూ లేని ఈ మూల్యాన్ని ఆ చరిత్ర చెప్పేవాళ్లు మరిచిపోకూడదు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి రోహిణి-125 సౌండింగ్ రాకెట్ ఎగిరింది.

1974లో ఫ్రాన్స్‌తో కుదిరిన ఒప్పందం నాకు ప్రత్యేకంగా ఇష్టం. వాళ్ల వైకింగ్ రాకెట్ ఇంజిన్ పరిజ్ఞానానికి మనం డబ్బు కట్టలేదు, ఇస్రో ఇంజినీర్ల శ్రమను ఇచ్చాం. మన ఇంజినీర్లు ఫ్రాన్స్‌లోనే పనిచేస్తూ నేర్చుకుని వచ్చారు. ఆ విద్యతోనే వికాస్ ఇంజిన్ తయారైంది. అతిశీతల ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజిన్ విషయంలో కథ అడ్డం తిరిగింది. 1993లో అమెరికా ఒత్తిడితో రష్యా పరిజ్ఞాన బదిలీని విరమించుకుంది. సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్ఎల్‌వీ శ్రీహరికోట నుంచి గెలిచేసరికి 2014 జనవరి వచ్చింది.

అదే ఏడాది జూన్ 30న పీఎస్ఎల్‌వీ ప్రయోగం చూడవచ్చిన ప్రధాని మోదీ, ఇరుగుపొరుగు దేశాల కోసం ఒక ఉపగ్రహం చేయమని శ్రీహరికోటలోనే శాస్త్రవేత్తలను కోరారు. 2017 మే 5న 2,230 కిలోల దక్షిణాసియా ఉపగ్రహాన్ని జీఎస్ఎల్‌వీ-ఎఫ్09 మోసుకెళ్లింది. ఆ రాకెట్‌లో ఫ్రాన్స్ దగ్గర నేర్చుకున్న వికాస్ ఉంది, ఎవరూ పరిజ్ఞానం ఇవ్వనందువల్ల సొంతంగా చేసుకున్న క్రయోజెనిక్ దశా ఉంది. ఈ పథకం నుంచి పాకిస్తాన్ తప్పుకుంది. అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, మాల్దీవులు, శ్రీలంక చేరాయి. ఈసారి ఇచ్చే వంతు మనది, ఖర్చు భారత్‌ది. 12 ట్రాన్స్‌పాండర్లలో ఒక్కో దేశానికీ కనీసం ఒకటి. దాన్ని టెలివిద్యకు వాడాలో, టెలివైద్యానికో, విపత్తు హెచ్చరికలకో ఆయా దేశాలే తేల్చుకోవాలి. 2022 నవంబర్ 26న భూటాన్‌తో కలిసి చేసిన చిన్న ఉపగ్రహం కూడా శ్రీహరికోట నుంచే వెళ్లింది. దాని తయారీలో భూటాన్ ఇంజినీర్లూ శిక్షణ పొంది పాలుపంచుకున్నారు.