మన పాట ఫోన్లోకి ఎలా వచ్చింది?



పోయిన సెలవుల్లో మా యాడి పాడిన తీజ్ పాటలు పన్నెండు నోట్‌బుక్‌లో రాసుకున్నాను, తెలుగు అక్షరాల్లోనే. విజయవాడ వచ్చాక ఒక డీటీపీ షాపులో టైప్ చేయించాను. ప్రింటు బాగానే వచ్చింది. ఫైలు ఫోన్లో తెరిస్తే మాత్రం అన్నీ పిచ్చి ఇంగ్లీషు గీతలు! డబ్బులు పోయాయని కాదు గానీ, యాడికి ఏం చూపించాలి? ఆ ఉక్రోషంతోనే ఈ చరిత్ర తవ్వాను.

మన విజయవాడలో పుస్తకాలు, కరపత్రాలు, పెళ్లి కార్డులు చాలాకాలం అను ఫాంట్లలో తయారయ్యాయి. అందులో కంప్యూటర్‌కి తెలిసింది ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. వాటికి పైన తెలుగు బొమ్మ తొడుగుతారు. ఆ ఫాంటు లేనిచోట తొడుగు ఊడిపోతుంది, నా ఫైల్లో జరిగింది అదే. యూనికోడ్‌లో 'అ'కి సొంత నంబరుంది, 3077. తెలుగుకి ఈ నంబర్లు 1991లోనే వచ్చాయి. కానీ మామూలు కంప్యూటర్లో కనబడాలంటే 2001లో విండోస్ ఎక్స్‌పీ, దాంతోపాటు గౌతమి ఫాంటు వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

మరి ఈలోపు? 1990ల్లో అమెరికాలోని తెలుగువాళ్లు యూజ్‌నెట్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు, మనం వాట్సాప్‌లో రాసినట్టే. కాకపోతే వాళ్లు దానికి రూల్స్ పెట్టుకున్నారు. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ చేసిన 'రిట్' ఆ రాతని తెలుగు లిపిలోకి మార్చేది. 1998లో నెట్‌లోనే పుట్టిన పత్రిక 'ఈమాట' వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా. దాని పదేళ్ల పండగ 2014లో మన విజయవాడలోనే చేశారు. అప్పట్లో ఇదంతా కంప్యూటర్ ఉన్నవాళ్ల సాహిత్యం. మా తండాలో ల్యాండ్‌లైను కూడా లేదు.

మన భాషల సంగతి ఇంకా ఆలస్యం. సవర కోసం మంగేయి గొమాంగో 1936లో చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి యూనికోడ్‌లోకి 2012లో చేరింది. ఆదిలాబాద్ గుంజాల గోండి లిపి 2018లో. సవరలకోసం పనిచేసిన గిడుగు రామమూర్తి గారి పేరుతో ఇప్పుడు ఒక తెలుగు ఫాంటుంది, అది నాకు భలే నచ్చింది. మా గోర్ బోలీని ఇక్కడ తెలుగులో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. అంటే నేను పెట్టిన పాట అక్కడి మా బంధువులకి వినిపిస్తే అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకే రాతతోపాటు యాడి గొంతు కూడా పెడుతున్నా.

ఫాంటు మార్చే కన్వర్టర్లు వాడి చూశాను, ఒత్తులు తప్పుతున్నాయి. అందుకని హాస్టల్లో రాత్రిపూట ఫోన్లోనే మళ్లీ మొదటినుంచి కొడుతున్నా. నాలుగు పాటలయ్యాయి. ఐదోదాంట్లో ఒక మాట యాడి రెండు రకాలుగా పాడింది. ఏది రాయాలో ఆదివారం ఫోన్ చేసి అడగాలి.