హాంబుర్గ్ జూలో ఒంగోలు జత

మా కమలాపురం ఉరుసులో బండలాగుడు చూసినవాళ్లకు ఒంగోలు ఎద్దు గురించి వేరే చెప్పనక్కర్లేదు. చెర్నాకోల గాల్లో చెళ్లుమంటుంది. జత మెడలు వంచి, ముందరి కాళ్లు నేలలో నాటి, ఒక్క గుంజు గుంజుతుంది. మూపురం పక్కకు వాలుతుంది, గంగడోలు ఊగుతుంది, మైకులో అడుగుల లెక్క పరుగెడుతుంది. పాలపళ్లు, రెండు పళ్లు, ఆరు పళ్లు అంటూ నోట్లో చూసి వయసు తేల్చి విభాగాలు కడతారు. ఓడిన జత యజమాని కూడా ఇంటికి పోయేముందు ఎద్దు నుదురు నిమిరే పోతాడు.

కనుమ సంచికకు పశువుల మీద ఏదైనా రాసిమ్మని సంపాదకులు అడిగినప్పుడు మాత్రం నాకు గుర్తొచ్చింది ఉరుసు కాదు, జర్మనీ. ఆ జర్మనీ కథకు 2028లో నూట యాభై ఏళ్లు నిండుతాయి. అప్పటిదాకా ఆగే ఓపిక నాకు లేదు.

వేల ఏళ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాలమూరు వైపు ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వితే అది కొత్తరాతియుగం నాటి పశువుల దొడ్డి అని తేలింది. పోగుపడ్డ పేడను కాల్చగా కాల్చగా మిగిలిన బూడిద అది. అందులో గిట్టల గుర్తులు కూడా దొరికాయి. అక్కడి నుంచి ఒక్క గెంతు వేస్తే పదహారో శతాబ్దపు లేపాక్షి నంది. దాని మూపురం, మెడ కింది ముడతలు చూస్తే శిల్పి ఏ జాతి ఎద్దును ఎదురుగా కట్టేసుకుని చెక్కాడో నాకు అనుమానమే లేదు. ఇంకో గెంతు వేస్తే కుంఫిణీ పోయి విక్టోరియా రాణి పాలన. మధ్యలో ఎద్దులు దున్నాయి, లాగాయి, చచ్చిపోయాయి. వాటి చరిత్ర ఎవరూ రాయలేదు.

ఇక అసలు కథ. మా ఊరి దగ్గర పాపాఘ్నిని కలుపుకుని పోయే పెన్న నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. ఆ కాలంలో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. అందుకే తెల్లదొరలకు ఒంగోలు పశువులంటే నెల్లూరు పశువులు. 1868లో ఇంగ్లండు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్ తీరంలోని సాల్వడార్ రేవులో ఆగింది. అందులోని ఒంగోలు జత అక్కడే అమ్ముడుపోయింది. కొలంబస్ ఇండియాకు బయలుదేరి అమెరికా చేరినట్టు ఇవి ఇంగ్లండుకు బయలుదేరి బ్రెజిల్‌లో దిగాయి.

నాకిష్టమైన ఘట్టం పదేళ్ల తర్వాతిది. 1878లో మనోయెల్ ఉబెల్హార్ట్ లెంగ్రూబర్ అనే రియో ప్రాంతపు రైతు యూరప్ వెళ్లి, హాంబుర్గ్ జూ చూడబోయాడు. ఇంటిపేరులోనే స్విస్ వాసన ఉన్న మనిషి. స్విట్జర్లాండులోని ఫ్రిబుర్గ్ అంటే పాలకు, జున్నుకు పెట్టింది పేరు. అక్కడి నుంచీ ఇరుగుపొరుగు సీమల నుంచీ 1819లో సుమారు రెండు వేల మంది బ్రెజిల్‌కు ఓడలెక్కారు. నాలుగు వందల మంది దాకా దారిలోనే పోయారు. మిగిలినవాళ్లు రియో పైనున్న కొండల్లో నోవా ఫ్రిబుర్గో అని ఊరు కట్టుకున్నారు. యూరప్ ఆవును బ్రెజిల్ మైదానాలకు దించితే ఎండకు నాలుక బయటపెట్టేది, గోమార్లు పట్టి చిక్కిపోయేది.

అలాంటి దేశం నుంచి వచ్చినవాడు ఆ జూలో ఏం చూశాడు? సింహాన్నీ ఏనుగునూ చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కునే చోట ఒక ఒంగోలు ఆబోతు, ఒక ఆవు! మన గొడ్ల చావడిలో నిలబడాల్సిన జంతువులు అక్కడ వింత మృగాలు. జనం మూపురం చూసి నవ్వుకున్నారేమో. లెంగ్రూబర్ నవ్వలేదు, కొన్నాడు. తెల్లటి వెంట్రుక, దాని కింద నల్లటి తోలు, వేలాడే గంగడోలు చూసి ఇది ఎండకు పుట్టిన జీవమని పోల్చుకుని ఉంటాడు. పశువుల సంత తెలిసిన రైతు ఎక్కడైనా ఒకటే.

ఆబోతు పేరు హనోమెట్, ఆవు పేరు పియోరా అని బ్రెజిల్ వాళ్లు రాసుకున్నారు. హనోమెట్ అంటే మన హనుమంతే అయ్యుంటాడని నా నమ్మకం. రుజువు అడగొద్దు. లెంగ్రూబర్ పేరుతో ఆ వంశం ఇప్పటికీ అక్కడ విడిగా సాగుతోంది.

ఆ జాతి మొత్తానికి అక్కడ స్థిరపడ్డ పేరు నెలోరి. 1938లో వంశావళి పుస్తకం తెరిచారు. 1960ల మొదట్లో మళ్లీ వచ్చి కొనుక్కుపోయారు. వాటిని అట్లాంటిక్‌లోని ఫెర్నాందో ది నొరోన్యా దీవిలో క్వారంటైన్‌లో ఉంచి గానీ గడ్డ మీదకు దించలేదు. ఒంగోలు దగ్గరి కరవది పేరు మోసిన ‘కర్వాది’ ఆబోతు అప్పుడు పోయిందే. ఈ రోజు బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా పశువులుంటే, మాంసం మందల్లో అత్యధిక భాగం ఈ రక్తమే. 2023లో వయాటినా-19 అనే నెలోరి ఆవుకు రెండు కోట్ల పది లక్షల రియాళ్ల విలువ కట్టారు. అప్పటికి అంత ధర ప్రపంచంలో మరే ఆవుకూ పలకలేదు. అది కోతకు పెంచే జాతి ఆవని మన పత్రికలు పెద్దగా రాయలేదు.

ఇక్కడి సంగతి చెప్పబోతే వరస కుదరడం లేదు. ట్రాక్టర్ వచ్చింది, కాడి అటకెక్కింది. పాలకు హర్యానా ముర్రా ఎనుమును తెచ్చుకున్నాం. తర్వాత ఇంగ్లిష్ చానెల్‌లోని జెర్సీ దీవి ఆవు, ఉత్తర సముద్రపు ఒడ్డు హోల్‌స్టీన్ సంకరమై మన దొడ్లలోకి వచ్చాయి. మన తీరం ఆవు హాంబుర్గ్ దాకా పోయింది, ఆ వైపు తీరాల ఆవులు మనకొచ్చాయి. 2020 డిసెంబరులో అమూల్ పాల సేకరణ మొదలైన మూడు జిల్లాల్లో కడప ఉంది, ఒంగోలున్న ప్రకాశమూ ఉంది. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి రేటు కడతారు, జాతి అడగరు. పొద్దున్నే క్యాను తెచ్చిన రైతును అడిగితే ఒంగోలు ఆవు పాలు దూడకే చాలవంటాడు. ఆయన లెక్క తప్పని అనలేను. ఆయన ఇంట్లోనే ఉరుసు పోటీ కోసం ఒక ఒంగోలు జత ఉంటుంది, దానికి రోజూ ఉలవలు ఉడుకుతుంటాయి. అదేం లెక్కో!

2028కి ఇంకా సమయముంది. ఒంగోలులోనో నెల్లూరులోనో హనోమెట్, పియోరాల పేర్లు చెక్కి ఒక బండ నాటించండి. చోటు మీరు చూపించండి. బండను లాక్కొచ్చే జతలు మా కమలాపురం వైపు కావలసినన్ని ఉన్నాయి.