ధర్మాసుపత్రి నుంచి బిల్లు దాకా

మా అవ్వ ఇప్పటికీ సర్కారు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అనే అంటుంది. డబ్బు అడగకుండా వైద్యం చేసే చోటు అని ఆ మాటకు అర్థం. మరి ఇప్పుడు మా గూళూరులో ఎవరికైనా జబ్బు చేస్తే ముందు డబ్బు ఎందుకు వెతుక్కుంటున్నారు? దీని వెనుక ఒక చరిత్ర ఉంది.

1943లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. డబ్బు లేదనే కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లో ఆ కమిటీ చెప్పింది. పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఆ ఆలోచన నుంచే వచ్చాయి. కానీ ప్రభుత్వాలు ఆరోగ్యానికి ఇచ్చిన డబ్బు చాలలేదు. డాక్టరు, మందులు, పరీక్షలు దొరకని చోట జనం ప్రైవేటు ఆసుపత్రులకు పోయారు.

1983లో చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి మద్రాసులో అపోలో ఆసుపత్రి స్థాపించారు. తరువాత నగరాల్లో ఇలాంటి పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు చాలా వచ్చాయి. కష్టమైన గుండె ఆపరేషన్లు కూడా మన దగ్గరే జరగసాగాయి. ఇది మంచిదే. కానీ ఆ ఖర్చు పేదవాడు మోయలేడు.

అందుకే పథకాలు వచ్చాయి. 2003లో కర్ణాటకలో యశస్విని మొదలైంది. సహకార సంఘాల రైతులు నెలకు 5 రూపాయల లెక్కన కడితే ఆపరేషన్ చేసేవారు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ, 2018లో దేశమంతటికీ ఆయుష్మాన్ భారత్ వచ్చాయి. 2013-14లో దేశంలో ఆరోగ్యానికి అయ్యే ప్రతి 100 రూపాయల్లో 64 రూపాయలు జనం జేబులోంచే పోయేవి. 2021-22కి అది 39కి తగ్గింది. వాటా తగ్గినా, జనం పెట్టే రూపాయల మొత్తం మాత్రం పెరిగింది. ఈ పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవారికే. నెలనెలా మింగే మాత్రలకు జేబే దిక్కు.

ఇది మా ఇంట్లోనే చూశాను. పోయిన ఏడాది తాతకు గుండె నొప్పి వచ్చింది. ఆపరేషన్‌కు కార్డు పనికొచ్చింది. కానీ అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగుకు, రక్త పరీక్షలకు, మందులకు నాయన నాలుగు గొర్రెలు అమ్మాడు. అవి అక్క కాలేజీ ఫీజు కోసం పెంచినవి. అక్క ఆ ఏడు ఇంట్లోనే ఉండిపోయింది.

తాతకు ఎన్నో ఏండ్లుగా బీపీ ఉందని అప్పుడే తెలిసింది. సర్కారు ఆసుపత్రిలో బీపీ ఊరికే చూస్తారు, మాత్రలు కూడా ఇస్తారు. మేమే పోలేదు. ఇప్పుడు అవ్వ ప్రతి నెలా తాతను అక్కడికి పిలుచుకొని పోతుంది. మాత్రలు అయిపోయాయంటే మాత్రం మళ్ళీ మెడికల్ షాపుకే.

పెద్దలకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఒకసారి బీపీ, షుగరు చూపించండి. మాత్రలు లేవంటే పంచాయతీలో అడగండి. అడిగితేనే అది మళ్ళీ ధర్మాసుపత్రి అవుతుంది.