మూడవ బ్రేకు దీపానికి మెరుపు పరికరం

కారు వెనుక అద్దం నడుమ, రెండు ప్రధాన బ్రేకు దీపాలకంటె ఎత్తున ఉండే ఎర్రదీపమే మూడవ బ్రేకు దీపం. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీలపై పరీక్షించగా, వెనుకనుండి ఢీకొనే ప్రమాదాలు తగ్గినట్లు తేలింది. అమెరికా 1986 నమూనా కార్లనుండి దీనిని తప్పనిసరి చేసింది.

బ్రేకు తొక్కగానే ఈ దీపాన్ని కొన్నిసార్లు మెరిపించి, పిదప నిలకడగా వెలిగించేదే మెరుపు పరికరం.

అమరిక: బ్రేకు తొక్కినపుడు మాత్రమే విద్యుత్తు వచ్చే తీగను టెస్టు ల్యాంపుతో గుర్తించవలెను. తరువాత బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి, ఆ తీగను తెంపి, స్విచ్చి వైపు కొసను పరికరపు ఇన్‌పుట్‌కు, దీపం వైపు కొసను అవుట్‌పుట్‌కు కలుపవలెను. ఎర్తు తీగ ఉన్నచో దానిని బాడీ లోహానికి బిగించవలెను. అతుకులకు సోల్డరు వేసి, ఇన్సులేషన్ చుట్టవలెను.

జాగ్రత్త: పరికరాన్ని మూడవ దీపానికి మాత్రమే వెళ్ళే తీగలోనే అమర్చవలెను. మూడు దీపాలకూ పోయే ఉమ్మడి తీగలో కలిపితే, అది చెడిననాడు మూడూ ఆరిపోవును. వెనుక వచ్చే లారీకి హెచ్చరికే అందదు. పని ముగిశాక మరొకరిచేత బ్రేకు తొక్కించి, మూడు దీపాలనూ చూడవలెను.

చట్టం: అమెరికా ప్రమాణం బ్రేకు దీపాలు నిలకడగా వెలగాలంటుంది. ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన గంటకు 50 కిలోమీటర్లు మించిన వేగంలో, గట్టిగా బ్రేకు వేసినపుడే మెరుపును అనుమతిస్తుంది. మన దేశంలో వాహన మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను హద్దులు విధించింది. ఇది కేంద్ర చట్టం గనుక అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. కావున ముందుగా రవాణా కార్యాలయంలో విచారించుట మేలు.