లూవెన్ వీధిలో ఇంటి నంబరు

కోటు విప్పకండి. గదిలో నిప్పు మండుతోంది గానీ, డిసెంబరు నెల కేంబ్రిడ్జిలో ఆ వెచ్చదనం దాని ముందు కూర్చున్నవాళ్ళకే చాలదు. ట్రినిటీ కాలేజీ పెద్ద గేటుకు ఎదురుగా, వీధి అవతల ఉన్న హ్యూవెల్స్ కోర్ట్ ఇది. సంవత్సరం 1914. ఏప్రిల్లో ఓడ దిగిన శ్రీనివాస రామానుజన్ ఈ గదుల్లో ఉంటున్నాడు. మాంసం ముట్టడు, కాలేజీ భోజనశాల మీద నమ్మకం లేదు. అందుకే వంట తనే చేసుకుంటాడు. ఇప్పుడు కూడా పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలో గరిటె తిప్పుతున్నాడు.

బల్ల దగ్గర పత్రిక తిరగేస్తున్న కుర్రాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. కలకత్తావాడు, 21 ఏళ్ళు, కింగ్స్ కాలేజీ విద్యార్థి. భారతదేశానికి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కట్టి ఇవ్వడానికి అతనికి ఇంకా చాలా కాలం ఉంది. ఈ పూట అతను భోజనానికి వచ్చిన అతిథి మాత్రమే. చేతిలోది స్ట్రాండ్ మ్యాగజైన్. హెన్రీ డ్యూడెనీ అనే ఆయన నెలనెలా అందులో లెక్కల పొడుపుకథలు వేస్తాడు.

మీరూ అతని భుజం మీదుగా చదవండి. బెల్జియంలోని లూవెన్ పట్టణంలో ఒక పొడుగాటి వీధి. వీధికి ఒకవైపున ఇళ్ళ నంబర్లు ఒకటి, రెండు, మూడు అని వరసగా సాగుతాయి. ఒకాయన ఇంటికి ఇటువైపు నంబర్లన్నీ కూడితే ఎంత వస్తుందో, అటువైపు నంబర్లన్నీ కూడినా సరిగ్గా అంతే వస్తుంది. ఇళ్ళు యాభైకి ఎక్కువ, అయిదొందలకు తక్కువ. ఆయన ఇంటి నంబరెంత? ఆ ఆగస్టులోనే జర్మన్ సైన్యం లూవెన్‌ను తగలబెట్టింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం బూడిదైంది. లెక్కల సరదా పుటలోకి కూడా యుద్ధం వచ్చేసింది. (చాలా ఏళ్ళ తర్వాత ఈ ముచ్చట చెబుతూ మహలనోబిస్ ఊరు పారిస్ అన్నాడు. వివరాలు మరిచిపోయానని కూడా అన్నాడు. రామానుజన్ ఏమన్నాడో మాత్రం మరిచిపోలేదు.)

ముందు మీరే ప్రయత్నించండి. పెన్సిల్ తీసుకోండి. ఎనిమిది ఇళ్ళున్న చిన్న వీధి అనుకుంటే ఆరో ఇల్లు సరిపోతుంది. ఒకటి నుంచి అయిదు దాకా కూడితే 15, ఏడూ ఎనిమిదీ కలిపితే 15. ఒక్క ఉదాహరణ దొరికాక బుద్ధి దాన్ని విప్పి చూడమంటుంది. ఆరును ఆరుతో గుణిస్తే 36. వీధిలోని నంబర్లన్నీ, ఒకటి నుంచి ఎనిమిది దాకా, కూడినా 36. ఇది యాదృచ్ఛికం కాదు. ఇంటి నంబరు వర్గం ఎప్పుడూ మొత్తం వీధి నంబర్ల కూడికకు సమానం కావాలి. అంటే చివరి ఇంటి నంబరునూ దాని తర్వాతి సంఖ్యనూ గుణించి సగం చేస్తే ఒక వర్గం రావాలి. పక్కపక్క సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి, వాటిలో ఒకటి వర్గం, రెండోది మరో వర్గానికి రెట్టింపు అయి తీరాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి, ఎంత పని తేలికైందో. యాభైకీ అయిదొందలకూ మధ్య ఉన్న వర్గాలు 64 నుంచి 484 దాకా పదిహేనే. ఒక్కొక్కదాని పక్కసంఖ్యను పరీక్షించండి. 289 దగ్గర పెన్సిల్ ఆగుతుంది. అది 17 వర్గం. దాని పక్కనున్న 288 సరిగ్గా 144కు రెట్టింపు, 144 పన్నెండు వర్గం. వీధిలో ఇళ్ళు 288. పదిహేడు పన్నెండ్లు 204. ఆయన ఇంటి నంబరు అదే. అటూ ఇటూ కూడి చూడండి, రెండు వైపులా 20,706.

విశ్లేషణ అంటే ఇదే, దీన్ని తక్కువగా చూసేవాళ్ళతో నాకు పడదు. నాలుగు వందల పైచిలుకు ఇళ్ళ గుమ్మాలు తొక్కాల్సిన మనిషిని అది పదిహేను గుమ్మాల దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. ప్రతి అడుగుకూ కారణం ఉంది, మీరు ఇంకొకరికి చెప్పగలరు, వాళ్ళు మీ తప్పు పట్టగలరు. మహలనోబిస్ ఇంత కూడా చెయ్యలేదు. అంకెలు వేసి చూసి, కొట్టేసి, మళ్ళీ వేసి, కొద్ది నిమిషాల్లో జవాబు పట్టాడు. పట్టి, పొయ్యి దగ్గరున్న మనిషికి ఓ లెక్క ఇస్తానన్నాడు. చెప్పమన్నాడు రామానుజన్. గరిటె ఆగలేదు.

ప్రశ్న చదవడం పూర్తయింది. రామానుజన్ జవాబు రాసుకోమన్నాడు. చెప్పింది సంఖ్య కాదు, ఒక గొలుసు భిన్నం. ఒక భిన్నం హారంలో ఇంకో భిన్నం, దాని హారంలో మరొకటి, అంతులేకుండా దిగిపోయేది. ఇంగ్లీషు లెక్కల పుస్తకాల్లో కంటిన్యూడ్ ఫ్రాక్షన్ అంటారు. ఈ లెక్కకు సరిపడే ఒక రూపం మీరే కాగితం మీద వేసి చూడవచ్చు. ఆరులోంచి 1/6 తియ్యండి, 35/6 వస్తుంది. ఆరులోంచి దీని తలకిందుల భిన్నం తియ్యండి, 204/35. మళ్ళీ అదే పని చెయ్యండి, 1189/204. పై అంకెలు చూడండి: 6, 35, 204, 1189. ఎనిమిది ఇళ్ళ వీధిలో 6, నలభైతొమ్మిది ఇళ్ళ వీధిలో 35, లూవెన్‌లో 204, వీధి 1681 ఇళ్ళ దాకా సాగితే 1189. డ్యూడెనీ ఒక ఇల్లు అడిగాడు. రామానుజన్ అలాంటి వీధులన్నిటినీ ఒకేసారి ఇచ్చాడు.

మహలనోబిస్‌కు ఆశ్చర్యంతో మాట పెగల్లేదు. తేరుకుని, ఎలా తట్టిందని అడిగాడు. వచ్చిన సమాధానాన్ని జాగ్రత్తగా వినండి. ప్రశ్న వినగానే జవాబు గొలుసు భిన్నమేనని స్పష్టమైందట. అప్పుడు, ఏ గొలుసు భిన్నం, అని తనను తాను అడిగాడట. అది మనసులోకి వచ్చిందట.

స్ఫురణను మెచ్చుకునేవాళ్ళు మొదటి మాట దగ్గర ఆగిపోతారు. నన్ను పట్టి నిలిపేది మధ్యలో ఉన్న ప్రశ్న. 'ఏది?' అన్నది విశ్లేషణ అడిగే ప్రశ్న. ముందు ఇది ఏ జాతి లెక్కో గుర్తుపట్టడం, తర్వాత ఆ జాతిలో ఏ మనిషో వెతకడం. రెండో పనికి ఆ మెదడు గరిటె తిప్పినంతసేపు కూడా తీసుకోలేదు, అంతే తేడా. తను పెరిగిన కుంభకోణంలో పలక మీద రాసి మోచేత్తో చెరిపిన లెక్కలెన్నో. రెండో నోటుబుక్కులో పన్నెండో అధ్యాయం దాదాపు అంతా గొలుసు భిన్నాలదే. నామగిరి అమ్మవారు సూత్రాలు చెబుతుందని అతను నమ్మాడు. ఆ నమ్మకాన్ని నేను ప్రశ్నించను. కానీ ఆ పలకను లెక్కలోంచి తీసేసి అతని స్ఫురణ గురించి మాట్లాడితే ఆ మనిషి చేసిన శ్రమకు అన్యాయం చేసినట్టే.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఇంటి నంబరు మన ఇళ్ళలోనూ ఉంది. తెలుగునాట ఎన్నో కుటుంబాలు ఆపస్తంబ సూత్రం వాళ్ళమని ప్రవర చెప్పుకుంటాయి. ఆ ఆపస్తంబుడి శుల్బసూత్రంలో యజ్ఞవేదిక కొలతల కోసం రెండు వర్గమూలానికి ఒక విలువ ఉంది, భిన్నంగా రాస్తే 577/408. 408లో సగం 204. బ్రహ్మగుప్తుడు 628లో వర్గప్రకృతి అని పిలిచిన సమీకరణాల కుటుంబానిదే ఈ వీధి లెక్క కూడా.

స్ఫురణ ఎక్కడ తప్పుతుందో చూడాలంటే ఇప్పుడు వీధి దాటి ట్రినిటీలోకి రండి. ఇది గణితవేత్త జాన్ లిటిల్‌వుడ్ కాలేజీ కూడా. ఒక అవధిలోపు ప్రధాన సంఖ్యలు ఎన్నో అంచనా వేసే గౌస్ సూత్రం ఎప్పుడూ అసలు కన్నా కాస్త ఎక్కువే చూపిస్తుందని అందరి నమ్మకం. చేతితో లెక్కపెట్టిన పట్టికలన్నీ అదే చెప్పాయి. అది అబద్ధమనీ, ఎక్కువ తక్కువలు అనంతంగా తారుమారవుతాయనీ లిటిల్‌వుడ్ ఈ 1914లోనే రుజువు చేశాడు. ఆ మొదటి తారుమారు ఎంత పెద్ద సంఖ్యల దగ్గరుందంటే, ఇప్పటికీ ఎవరూ నేరుగా లెక్కపెట్టి చూపలేదు. కళ్ళు గానీ అనుభవం గానీ అక్కడికి చేరలేవు, రుజువు ఒక్కటే చేరుతుంది. రామానుజన్ కూడా ప్రధాన సంఖ్యల మీద మద్రాసు నుంచి ట్రినిటీ గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరాల్లో దెబ్బ తిన్నాడు. ప్రధాన సంఖ్యల లెక్కను నడిపే జీటా ప్రమేయానికి ఉన్న సంకీర్ణ శూన్యాలు అతని లెక్కలోకి రాలేదు. పలక మీద సాధన చేసిన చోట అతని చూపు పదును. సాధన లేని చోట అంతే ధీమాతో తప్పింది.

అతనూ హార్డీ కలిసి పనిచేసిన బల్ల దగ్గరికి వెళ్దాం. ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా కూడికలుగా విడగొట్టవచ్చు? నాలుగుకు అయిదు రకాలు. 200కు? ఫిరంగి దళంలో పనిచేసిన మేజర్ మెక్‌మాన్, ఆయిలర్ చూపిన దారిలో ఒక్కో మెట్టూ ఎక్కి పట్టిక తయారు చేశాడు. 39,72,99,90,29,388. హార్డీ, రామానుజన్‌ల సూత్రంలో ఎనిమిది పదాలు వేస్తే అదే సంఖ్య వచ్చింది, చివర .004 మాత్రం ఎక్కువగా. 1918లో అచ్చయిన ఆ వ్యాసంలో రుజువు కట్టిన చేయి ఎక్కువగా హార్డీది. అంత కచ్చితమైన సూత్రం ఉండి తీరుతుందని పట్టుబట్టింది రామానుజన్.

1913 నాటి మొదటి ఉత్తరంలోనే దీనికి దగ్గరి లెక్క ఒకదానికి అతను ఒక వాక్యంలో సూత్రం రాసి పంపాడు. రాసినట్టుగా అది తప్పని హార్డీ తేల్చాడు, అయినా అతను రాసినవాటిలో బాగా ఫలించిన మాటల్లో అదొకటని కూడా ఒప్పుకున్నాడు. రామానుజన్ 1920లో పోయాడు. 1937లో హాన్స్ రాడెమాకర్ అనే గణితవేత్త ఆ వ్యాసం మీద మళ్ళీ పనిచేస్తూ, హార్డీ, రామానుజన్ వాడిన ఘాత ప్రమేయాన్ని కొద్దిగా మార్చి హైపర్బోలిక్ సైన్ అనే ప్రమేయం పెట్టాడు. దాంతో దగ్గరి అంచనా కాస్తా పూర్తి నిజమైన సూత్రమైంది, .004 కూడా మిగల్లేదు. మద్రాసు ఉత్తరంలోని ఆ తప్పు వాక్యంలో రామానుజన్ రాసిందీ హైపర్బోలిక్ ప్రమేయాలతోనే.