హుషారు ముందు, లెక్క తర్వాత

కోడెదూడకు విత్తు కొట్టిస్తే నాగలికి లొంగే ఎద్దవుతుందని మన రైతులకు తరతరాలుగా తెలుసు. అలా ఎందుకవుతుందో ప్రయోగం చేసి చూసినవాడు జర్మనీలోని గోటింగెన్‌కు చెందిన ఆర్నాల్డ్ బెర్తోల్డ్. 1849లో ఆయన ఆరు పడుచు పుంజులను తీసుకున్నాడు. వృషణాలు పూర్తిగా తీసేసిన పుంజులకు తల మీది తురాయి ఎదగలేదు, కూత, పోట్లాట లేకుండా పోయాయి. వృషణాన్ని తీసి కడుపులో మరోచోట అతికించినవి మాత్రం మామూలు పుంజుల్లాగే పెరిగాయి. పాత నరాలు తెగిపోయినా అతికిన చోట కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చాయి. అంటే మగలక్షణాలను నడిపే పదార్థమేదో రక్తంలోనే ప్రయాణిస్తోందన్నమాట. ఆ పదార్థమే టెస్టోస్టెరాన్. దాన్ని బయటి నుంచి అందించే చికిత్సకు ఉన్న చరిత్ర ఒక విషయాన్ని పదే పదే రుజువు చేస్తోంది. ఈ మందు వల్ల కలిగే మేలు వారాల్లోనే ఒంటికి తెలుస్తుంది, కీడు మాత్రం వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తే తప్ప బయటపడదు. అందుకే వాడినవాడి అనుభవం ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకుంటే మోసపోతాం.

దీనికి మొదటి ఉదాహరణ షార్ల్ ఎడ్వార్డ్ బ్రౌన్-సెకార్. పేరుమోసిన ఈ శరీరధర్మ శాస్త్రవేత్త 1889 జూన్‌లో, 72 ఏళ్ల వయసులో, పారిస్‌లోని శాస్త్రవేత్తల సభలో ఒక ప్రకటన చేశాడు. కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని తనకు తానే సూదితో ఎక్కించుకున్నానని, పడుచుదనం తిరిగివచ్చిందని చెప్పాడు. ఊరికే చెప్పలేదు, ముంజేతి బలాన్ని పరికరంతో కొలిచాడు, మూత్రధార ఎంత దూరం పడుతోందో కూడా కొలిచి చూపాడు. అయితే టెస్టోస్టెరాన్ నీటిలో సరిగా కరగదు, ఆ రసంలో మందుగా పనిచేసేంత హార్మోన్ ఉండే వీలే లేదు. ఆయనకు కలిగిన బలమంతా నమ్మకం తెచ్చిపెట్టిందే. అయినా గిరాకీ ఆగలేదు. తర్వాతి దశాబ్దాల్లో వియన్నాలో స్టైనాక్ అనే శాస్త్రవేత్త శుక్రనాళాన్ని కట్టేస్తే యవ్వనం వస్తుందన్నాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1923లో, కవి యేట్స్ 1934లో ఆ శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఫ్రాన్స్‌లో వొరొనోఫ్ అనే శస్త్రవైద్యుడు ఏకంగా కోతి వృషణాల ముక్కలనే మనుషులకు అతికించాడు.

1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం సుమారు 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల శుద్ధమైన హార్మోన్‌ను రాబట్టింది. అదే ఏడాది రసాయన శాస్త్రవేత్తలు బుటెనాంట్, రుజిచ్కా దాన్ని కొలెస్టరాల్ నుంచి తయారుచేసే దారి కనిపెట్టారు. వృషణాలు పనిచేయనివారికి, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నవారికి ఇది నిజంగా వరమే. వారి విషయంలో వివాదం లేదు. చిక్కంతా వయసుతోపాటు హార్మోన్ కాస్త తగ్గినవారి దగ్గర వచ్చింది. 2000లో అమెరికాలో ఒంటికి పూసుకునే జెల్‌కు అనుమతి దొరికింది. అలసట, కోరిక తగ్గడం, పొట్ట పెరగడం అన్నింటికీ ఇదే కారణమని ప్రకటనలు హోరెత్తించాయి. 2001 నుంచి 2011 వరకు పదేళ్లలో అక్కడ 40 దాటిన మగవారిలో దీని వాడకం మూడింతలు దాటింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2002లో, ముట్లు ఆగిన 16,608 మంది స్త్రీల మీద జరుగుతున్న స్త్రీ హార్మోన్ల పరీక్షను మధ్యలోనే ఆపేశారు. దశాబ్దాలుగా గుండెకు మేలంటూ నమ్మి వాడిన మందుతో రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం పెరిగినట్టు తేలింది. మగవారి విషయంలో ఆ పాఠాన్ని ఎవరూ చెవిన పెట్టలేదు.

టెస్టోస్టెరాన్ గుండెకు చేటన్న భయం అతిశయమేనని 2023లో తేలిపోయింది కదా అని కొందరంటారు. ఆ వాదనలో బలముంది. గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 5,200 మందికి పైగా మగవారి మీద జరిగిన ట్రావర్స్ పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి మందు వాడినవారిలో 7.0 శాతం, ఉత్తుత్తి మందు వాడినవారిలో 7.3 శాతం. తేడా లేనట్టే. 2010లో 209 మంది వృద్ధుల మీద జరిగిన చిన్న పరీక్షను గుండె సమస్యల వల్లే ఆపేశారు. అది పుట్టించిన భయం దీంతో చాలావరకు తగ్గింది. కానీ అదే ట్రావర్స్‌లో గుండె లయ తప్పడం 2.4 నుంచి 3.5 శాతానికి పెరిగింది, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కూడా ఎక్కువైంది. ఎముకల సంగతి ఇంకా విచిత్రం. 2017లో వెలువడిన పరీక్ష ఈ మందుతో ఎముక సాంద్రత పెరుగుతుందని చెప్పింది. ఎముక గట్టిపడితే విరగదని అందరూ అనుకున్నారు. తీరా ట్రావర్స్‌లో లెక్కిస్తే ఎముకలు విరిగినవారు మందు వాడినవారిలో 3.50 శాతం, వాడనివారిలో 2.46 శాతం. పైగా సగానికి మించినవారు మందును మధ్యలోనే మానేశారు, సగటు వాడకం రెండేళ్లు కూడా నిండలేదు. ఇరవై ఏళ్లు వాడేవారికి ఈ పరీక్ష పూచీ ఇవ్వలేదు.

వైద్యుల అతిజాగ్రత్త వల్ల అవసరమున్నవారు కూడా నష్టపోయారన్నది మరో ఆక్షేపణ. అదీ నిజమే. వృషణాలు తీసేస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపాడు. దాన్ని తిరగేసి, హార్మోన్ ఇస్తే క్యాన్సర్ పుడుతుందని దశాబ్దాలపాటు నమ్మారు. ఆ నమ్మకానికి ఆధారం పలుచన, ట్రావర్స్‌లోనూ అలాంటి పెరుగుదల కనబడలేదు. అయితే దీన్నిబట్టి తేలేది మందు అందరికీ మంచిదని కాదు, ఉత్సాహానికి అడిగిన ఆధారాన్నే భయానికీ అడగాలని. కండల కోసం జిమ్‌లలో దీన్ని వాడే కుర్రాళ్లకు ఒక సంగతి చాలామంది చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇచ్చి పరీక్షించింది మగవారి గర్భనిరోధకంగా. ఆరు నెలల్లో సగానికి పైగా మందిలో వీర్యకణాలే లేకుండా పోయాయి. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు వృషణాలకు పని చెప్పడం మానేస్తుంది.

కాబట్టి రెండు వేర్వేరు రోజుల్లో పొద్దున్నే చేసిన రక్తపరీక్షలో హార్మోన్ నిజంగా తక్కువని తేలి, లక్షణాలూ ఉన్నవారికే ఈ చికిత్స. మొదలుపెట్టాక రక్తం చిక్కబడుతోందా, బీపీ పెరుగుతోందా అని చూసుకుంటూ ఉండాలి. పిల్లలు కావాలనుకునేవారు దీని జోలికి వెళ్లకూడదు. మిగిలినవారు హుషారు కోసం సూది వేయించుకునే ముందు నిద్ర, బరువు, షుగర్ సంగతి చూసుకోవడం మంచిది.