లేఫెంగ్ గోపురం అడుగున

మీ కాళ్లు కదలడం లేదు, మెట్లే కదులుతున్నాయి. చైనాలో హాంగ్జౌ నగరం, వెస్ట్ లేక్ దక్షిణపు గట్టున చిన్న కొండ. వెయ్యేళ్ల గోపురానికి ఎస్కలేటరా అని మనసు గునుస్తుంది. తలెత్తి చూస్తే రాగి పెంకులు, ఉక్కు కట్టడం, 71 మీటర్లు దాటిన ఎత్తు. 2002లో పూర్తయింది ఇది. మరి పాతదేదీ?

లోపలికి రండి. మీ పాదాలకంటే కిందుగా, గాజు అవతల, ఎర్రమట్టి గుట్ట. కాదు, పాత గోపురం ఇటుకలు! వాటి మీద సందర్శకులు విసిరిన నాణేలు, నోట్లు. మీ చెయ్యి కూడా జేబులోకి పోతోంది. ఆ గోపురాన్ని కూల్చింది ఇలాంటి భక్తే.

1924. ఇప్పుడు గాజు లేదు, అడ్డు లేదు. పదో శతాబ్దంలో వూయువే రాజు ఛియాన్ చు కట్టించిన గోపురం మీ ఎదుట మొండిగా నిలబడింది. చెక్క చూరులు ఎప్పుడో సముద్రపు దొంగలు పెట్టిన మంటల్లో పోయాయి. నెత్తిన పొదలు మొలిచాయి. అడుగున చుట్టూ గుంటలే. ఒక్కో గుంటా ఎవరో ఇంటికి పట్టుకుపోయిన ఇటుక. దాని పొడి రోగం తగ్గిస్తుందట, గర్భం నిలుపుతుందట.

ఇంట్లో మీ బిడ్డకు జ్వరం. ఒక్క ఇటుకేగా! వేళ్లు సందులో దూరుస్తారు. కదిలింది. పైన ఎంత బరువుందో చూస్తారు. వదిలేయాలా? బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. లాగుతారు. వచ్చేసింది.

సెప్టెంబరు 25. మధ్యాహ్నం. పైనుంచి పొడి రాలుతోంది. పగులు. చప్పుడు. పరుగెత్తండి. దుమ్ము. కళ్లలో, నోట్లో. దగ్గు.

దుమ్ము అణిగేసరికి గోపురం లేదు.

పారిపోయిన జనమే మళ్లీ గుట్ట మీదికి ఎగబడుతున్నారు. పగిలిన ఇటుకల తొర్రల్లో 975లో అచ్చువేసిన బౌద్ధ సూత్రాల కాగితపు చుట్టలు.

అంతకంటే విలువైనది ఆ రోజు ఎవరికీ అందలేదు. పునాది కింది నేలమాళిగను 2001లో తెరిచారు. ఇనపపెట్టెలో వెండి స్తూపం, అందులో బుద్ధుడివని నమ్మే కేశాలు. అశోకుడు 84 వేల స్తూపాలు నిలిపాడన్న కథ విని, తానూ అలాగే చేయాలని ఛియాన్ చు చిన్న చిన్న స్తూపాలు పోయించాడు. మన నేల కథ ఇంత దూరం నడిచొచ్చిందా అని ఒళ్లు జలదరిస్తుంది.

జేబులోంచి చెయ్యి తీసి పైకి పదండి. ఒక అంతస్తు నిండా చెక్కపై చెక్కిన తెల్లపాము కథ. స్త్రీగా మారి మనిషిని పెళ్లాడిన ఆ ఇల్లాలిని ఫాహై అనే భిక్షువు ఈ గోపురం కిందే బంధించాడట. అది కూలిందని విని రచయిత లూ షున్ సంతోషించాడు. ఆమె బొమ్మ ముందు నిలబడితే లూ షున్ పక్షమే న్యాయమనిపిస్తుంది.

చిట్టచివరి అంతస్తు. గాలి మొహాన కొడుతుంది. దక్షిణాన జింగ్‌సీ ఆలయం, ఉత్తరాన సరస్సంతా. పొద్దు వాలుతోంది. సంజవెలుగులో లేఫెంగ్ గోపురం ఈ సరస్సు పది ప్రసిద్ధ దృశ్యాల్లో ఒకటి. 78 ఏళ్లపాటు పేరుంది, చూడ్డానికి గోపురం లేదు. ఇప్పుడుంది, కానీ మీరు దాని లోపల ఉన్నారు. అది కంటపడాలంటే సరస్సు గట్టు వెంబడి దూరం జరగాలి. ఇంకాస్త వెలుతురుంది. దిగండి, త్వరగా.